ముసలితనానికి మందు వెయ్యాలా?

వార్ధక్యం జబ్బా, జీవితంలో ఒక దశా అన్న ప్రశ్న ఇప్పుడు ప్రయోగశాల దాటి బడ్జెట్ల దాకా వచ్చింది. కింది వాదనలో ఒకరు వార్ధక్య జీవశాస్త్రం మీద పనిచేసే పరిశోధకుడు, మరొకరు పెద్దవయసువాళ్లకు వైద్యం చేసే డాక్టరు. ఒకరి లెక్కలు ఇంకొకరికి బాగా తెలుసు. అందుకే వాదన కాస్త ఘాటుగా నడిచింది.

పరిశోధకుడు: ఆసుపత్రిలో గుండెకొక గది, మూత్రపిండాలకొక గది, కళ్లకొకటి, మతిమరుపుకొకటి. డెబ్బై ఏళ్ల మనిషి ఆ గదులన్నీ తిరుగుతాడు. ఏ గదిలోనూ అతని వయసుకు వైద్యం జరగదు. నిజానికి ఈ జబ్బులన్నిటికీ ఉమ్మడి మూలం వయసే. 1825లో బెంజమిన్ గోంపెర్ట్జ్ అనే బీమా గణకుడు, పెద్దయ్యాక చనిపోయే అవకాశం ఏటా ఒకే నిష్పత్తిలో హెచ్చుతూ పోతుందని చూపించాడు. ఇప్పటి లెక్కల్లో అది సుమారు ఎనిమిదేళ్లకోసారి రెట్టింపవుతుంది. క్యాన్సర్ అనేదే లేకుండా పోయినా సగటు ఆయుష్షుకు కలిసొచ్చేది మూడేళ్లేనని 1990లో అమెరికాలో జే ఒల్షాన్‌స్కీ బృందం లెక్కగట్టింది. క్యాన్సర్ తప్పించుకున్నవాణ్ణి గుండెపోటు పట్టుకుంటుంది, అదీ దాటితే పక్షవాతం. ఇల్లు కారుతుంటే చినుకు పడ్డచోటల్లా గిన్నె పెడుతున్నాం. పెంకులు సర్దే పని ఎవరిది?

వైద్యురాలు: సర్దాల్సిందే. కానీ మీ పెంకులు ఇంకా బట్టీలో కాలుతున్నాయి, వాన ఇవాళే పడుతోంది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఈ దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్లకు అటూఇటూ. 2016-20 లెక్కల్లో అది 70. ఈ పెరుగుదలలో వార్ధక్య జీవశాస్త్రం వాటా సున్నా. టీకాలు, మంచినీళ్లు, ఓఆర్‌ఎస్ పొట్లం, టీబీ మాత్రలు, ఆసుపత్రి కాన్పులు. అంతే. చెయ్యాల్సిన మామూలు పని ఇంకా కొండంత మిగిలే ఉంది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం షుగరున్నవాళ్లు 10.1 కోట్లు. షుగరు గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్లు 13.6 కోట్లు. పెద్దవాళ్లలో ముగ్గురిలో ఒకరికి మించి బీపీ. బీపీ పై అంకెను పది పాయింట్లు తగ్గించగలిగితే గుండెపోటు, పక్షవాతం లాంటివి ఐదో వంతు తగ్గుతాయని ఆరు లక్షలమందికి పైగా పాల్గొన్న ప్రయోగాలను కలిపి చూసి 2016లో తేల్చారు. ఆ పని చేసే మాత్రకు రోజుకు కొద్ది రూపాయలు. అదే నెలనెలా అందని ఊళ్లున్నాయి. ఆ ఊళ్లకు మీరు ఏం తీసుకెళ్తారు?

పరిశోధకుడు: 32 నుంచి 70కి వచ్చిన ఆ లెక్కలో ఒక మెలిక ఉంది, అది డాక్టరుగారికి తెలియంది కాదు. అందులో చాలా భాగం పసిపిల్లలు చచ్చిపోకుండా ఆగినందువల్ల వచ్చింది. ఆ పిల్లలే ఇప్పుడు ముసలివాళ్లయ్యారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 అంచనాల్లో భారతీయుల ఆయుర్దాయానికీ, ఆరోగ్యంగా గడిపే ఏళ్లకూ మధ్య పదేళ్ల తేడా ఉంది. ఆ పదేళ్లు ఎలా గడుస్తాయో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఏ పెద్దమనిషిని అడిగినా కోరేది వందేళ్లు కాదు. కాలూ చెయ్యీ ఆడుతుండగానే పోవాలి, ఒకరి చేత చేయించుకోకూడదు. 1980లో జేమ్స్ ఫ్రైస్ అనే అమెరికన్ వైద్యుడు ఇదే కోరికను సిద్ధాంతంగా రాశాడు: జబ్బుతో గడిపే కాలాన్ని జీవితం చివరకు నెట్టి, వీలైనంత కుదించాలని. ఒక్కో జబ్బును విడిగా పట్టుకుంటే ఆ కాలం కుంచించుకుపోదు, సాగుతుంది. గుండెకు స్టెంటు వేసి బతికించిన మనిషిని పదేళ్ల తరవాత మతిమరుపుకు అప్పగిస్తున్నాం.

వార్ధక్యం కదిలించలేని గోడేమీ కాదు. ఆహారం తగ్గించిన ఎలుకలు ఎక్కువకాలం బతుకుతాయని కార్నెల్‌లో క్లైవ్ మెక్కే 1935లోనే చూపించాడు. ఒక్క జన్యువులో మార్పుతో నులిపురుగు ఆయుష్షు రెట్టింపవుతుందని 1993లో సింథియా కెన్యన్ బృందం చూపించింది.

అన్నిటికంటే విచిత్రమైంది రాపమైసిన్ కథ. 1964లో ఒక కెనడా బృందం పసిఫిక్ సముద్రంలోని ఈస్టర్ దీవి నుంచి మట్టి నమూనాలు తెచ్చింది. ఆ దీవిని అక్కడివాళ్లు రాపా నుయీ అంటారు. మాంట్రియల్‌లోని అయర్స్ట్ కంపెనీలో సురేంద్రనాథ్ సెహ్‌గల్, అవిభక్త పంజాబులో పుట్టినవాడు, ఆ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఈ మందును వేరుచేశాడు. 1980ల్లో కంపెనీ అక్కడి ప్రయోగశాల మూసేసి, ఈ పనిని పక్కన పెట్టేసింది. సెహ్‌గల్ ఆ సూక్ష్మజీవిని ఇంటి ఫ్రీజర్లో దాచి, తనతోపాటే అమెరికా తీసుకెళ్లాడు. 1999లో అది కిడ్నీ మార్పిడి రోగులకు మందైంది. తరవాత అమెరికా ప్రభుత్వ వార్ధక్య సంస్థ మూడు ప్రయోగశాలల్లో ఒకేసారి చిట్టెలుకల మీద దాన్ని పరీక్షించాలనుకుంది. మేతలో మందు నిలవ ఉండేలా చేసేసరికి ఆలస్యమై, ఎలుకలు ముసలివైపోయాయి. 600 రోజులు, అంటే మనుషుల్లో అరవై దగ్గర. సరే కానిమ్మని ఆ వయసులోనే మొదలుపెట్టారు. గరిష్ఠ ఆయుష్షు ఆడవాటిలో 14 శాతం, మగవాటిలో 9 శాతం పెరిగిందని 2009లో ప్రకటించారు. అరవై దాటాక మొదలుపెట్టినా పనిచేసే మందు ఒక క్షీరదంలో దొరికింది. దీన్ని పక్కన పెట్టమంటారా?

వైద్యురాలు: కథ బాగుంది. మట్టిలోంచి మందు తియ్యడం తెలుగువాళ్లకూ కొత్త కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ పరిశోధన విభాగం నుంచే ఆరియోమైసిన్ వచ్చింది, అదీ మట్టిలోని సూక్ష్మజీవి ఇచ్చిందే. తేడా ఎక్కడంటే, ఆరియోమైసిన్ వేసిన రోగికి జ్వరం తగ్గిందో లేదో కొద్ది రోజుల్లో కనపడేది. మీ మందు పనిచేసిందో లేదో తెలియడానికి మనిషి ముసలివాడవ్వాలి. ఆ మధ్యకాలంలో ఎవరు ఏం చెప్పినా చెల్లుతుంది.

చెల్లింది కూడా. ద్రాక్షతొక్కలోని రెస్వెరట్రాల్ మీద ఆశతో 2008లో గ్లాక్సో కంపెనీ సర్‌ట్రిస్‌ను 72 కోట్ల డాలర్లకు కొన్నది. 2013లో ఆ దుకాణం మూసేసింది. మీరు మెచ్చుకున్న మూడు ప్రయోగశాలల పరీక్షలోనే రెస్వెరట్రాల్ మామూలు ఎలుకల ఆయుష్షు పెంచలేకపోయింది. ముసలి కణాలను ఏరి పారేసే మందు మోకాళ్ల అరుగుదల మీద 2020లో ఓడింది. రాపమైసిన్ కుటుంబంలోని ఇంకో మందు, పెద్దవాళ్లకు ఊపిరితిత్తుల జబ్బులు తగ్గిస్తుందన్నది, 2019లో మూడో దశలో ఓడింది.

పరిశోధకుడు: ఆ కుటుంబంలోదే ఎవరోలిమస్. అది తీసుకున్న వృద్ధుల్లో ఫ్లూ టీకాకు స్పందన సుమారు 20 శాతం మెరుగైందని 2014లో తేలింది. దాన్ని వదిలేశారు.

వైద్యురాలు: వదల్లేదు. రక్తపరీక్షలో మెరుగైంది, జబ్బులో మెరుగవలేదు. ఈ రెంటికీ మధ్య ఉన్న అగాధంలోనే మీ రంగం చాలాసార్లు పడిపోయింది. కోతుల సంగతి చూడండి. తిండి తగ్గిస్తే ఆయుష్షు పెరుగుతుందా అని అమెరికాలో రెండుచోట్ల 1980ల చివర్లో మొదలుపెట్టారు. విస్కాన్సిన్‌వాళ్లు 2009లో పెరుగుతుందన్నారు. వార్ధక్య సంస్థవాళ్లు 2012లో పెరగలేదన్నారు. ఇరవై ఏళ్ల శ్రమ. తరవాత తీరిగ్గా వంటగదిలోకి చూస్తే, విస్కాన్సిన్ కోతుల మేతలో చక్కెర 28 శాతం దాకా ఉంది, అవతలివాళ్ల దాంట్లో 4 శాతం లోపే. పైగా విస్కాన్సిన్‌లో పోలికకు పెట్టిన కోతులు కడుపారా తిన్నాయి, వార్ధక్య సంస్థలో వాటికి కూడా కొలిచే పెట్టారు. రెండు జట్లూ కలిసి 2017లో లెక్కలు సరిచూసి, తగ్గించి తినడం మేలేనని ఒక మాటకొచ్చాయి. అయినా చక్కెర పోసి మేపినవాటికంటే తక్కువ తిన్నవి మేలుగా ఉండటం జీవశాస్త్ర రహస్యమా, అమ్మమ్మలకు తెలిసిన సంగతా?

ఇంకొకటి ఆస్పిరిన్. చవక, పాతది, అందరూ నమ్మింది. ప్రధానంగా ఆస్ట్రేలియాలో, కొంత అమెరికాలో, 19,114 మంది ఆరోగ్యవంతులైన వృద్ధులకు రోజుకో చిన్న మాత్ర ఇచ్చి చూశారు. కొలిచింది కూడా మీకు నచ్చేదే: మతిమరుపు, అవిటితనం లేకుండా బతికిన కాలం. 2018లో ఫలితం వచ్చింది. ఆ కాలం పెరగలేదు. రక్తస్రావాలు పెరిగాయి. చావులు కూడా కొంచెం ఎక్కువే. జబ్బు లేని మనిషికి మందు పెట్టేటప్పుడు చెయ్యి వణకాలి.

పరిశోధకుడు: వణకాలి. ఆ మాట ఒప్పుకోవాల్సిందే. ఈ రంగం తన ఎలుకల్ని మరీ తొందరగా మనుషులుగా చూసింది, అదీ నిజమే. అయితే ఆస్పిరిన్ సంగతి మనకు ఎలా తెలిసింది? ఎవరో ధైర్యం చేసి వేలమంది మీద పరీక్ష పెడితేనే కదా. అది లేకపోతే ఇవాళ్టికీ ప్రతి తాతగారి పెట్టెలో ఆ మాత్ర ఉండేది. కోరేది సరిగ్గా అలాంటి పరీక్షే. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ మీద 65 నుంచి 79 ఏళ్ల 3,000 మందితో ఆరేళ్ల పరీక్ష చెయ్యాలని నీర్ బార్జిలాయ్ బృందం 2015లోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థతో మాట్లాడి ఒప్పించింది. ఒక జబ్బు అని కాకుండా, గుండెజబ్బో, క్యాన్సరో, మతిమరుపో, చావో, ఏది ముందొస్తే అది వెనక్కి జరిగిందా అని చూడటం దాని పద్ధతి. ఏళ్లు గడిచినా డబ్బు చాలక ముందుకు సాగలేదు. కారణం సిగ్గుపడాల్సింది: ఆ మాత్ర మీద ఎవరికీ పేటెంటు లేదు. అది పనిచేస్తే లాభపడేది జనం, కంపెనీ కాదు. అదే 2022లో ఆల్టోస్ ల్యాబ్స్ 300 కోట్ల డాలర్లతో మొదలైంది. డబ్బు లేదని కాదు.

వైద్యురాలు: ఇక్కడ మీతో పేచీ లేదు. చవక మందుకు పరీక్ష పెట్టే నాథుడు లేకపోవడం అన్యాయమే. కానీ మెట్‌ఫార్మిన్ మీద ఆ ఆశ ఎక్కడ పుట్టిందో గుర్తుచేసుకోండి. అది వాడే షుగరు రోగులు షుగరు లేనివాళ్లకంటే ఎక్కువ బతుకుతున్నారని 2014లో ఒక బ్రిటిష్ అధ్యయనం చెప్పింది. 2022లో డెన్మార్క్ రికార్డులతో మళ్లీ చూస్తే, మధ్యలో మందు మార్చాల్సి వచ్చినవాళ్లను కూడా లెక్కలో ఉంచేసరికి, ఆ మేలు కనపడలేదు.

ఇంకో ఇబ్బంది ఉంది, అది మీవాళ్లు పెద్దగా చెప్పరు. వ్యాయామం చేస్తున్న పెద్దవాళ్లకు మెట్‌ఫార్మిన్ ఇస్తే వ్యాయామం వల్ల రావాల్సిన లాభం తగ్గిందని 2019లో వచ్చిన రెండు చిన్న పరీక్షలు చూపించాయి. ఒకదాంట్లో దమ్ము తక్కువ పెరిగింది, ఇంకోదాంట్లో కండ తక్కువ పెరిగింది. అంటే, ఖచ్చితంగా పనిచేసే దాన్ని పనిచేస్తుందో లేదో తెలియని దానితో చెడగొట్టుకుంటున్నాం. 1990లో బోస్టన్‌లో మరియా ఫియాటరోన్ ఒక వృద్ధాశ్రమంలో పదిమందిని తీసుకుంది. వాళ్ల సగటు వయసు 90. ఎనిమిది వారాలు కాళ్లతో బరువులెత్తించింది. కాలి బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభై ఏళ్లవాళ్లకు! అంత చేసిన మాత్ర ఏదైనా ఉందా?

పరిశోధకుడు: లేదు. ఇవాళ్టికి వ్యాయామమే అన్నిటికంటే మంచి మందు. దాన్ని కాదనే పరిశోధకుడెవడూ లేడు. కానీ చెప్పినంత మాత్రాన ఎవరు చేస్తున్నారు? నలభై ఏళ్లుగా డాక్టర్లు నడవమంటున్నారు, షుగరు లెక్క 10 కోట్లు దాటింది. పైగా వ్యాయామం పేరుతో ఒక తప్పుడు ఊరట కూడా నడుస్తోంది. కష్టం చేసినవాళ్లు గట్టిగా ఉంటారని. వరినాట్లకు నడుం వంచిన ఆడవాళ్లూ, బీడీలు చుట్టినవాళ్లూ, ఇటుక మోసినవాళ్లూ జీవితమంతా కష్టం చేశారు. వాళ్లు మనకంటే నిదానంగా ముసలివాళ్లయ్యారా?

న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లల్ని పుట్టినప్పటి నుంచీ గమనిస్తూ వస్తున్నారు. వాళ్లకు 38 ఏళ్లప్పుడు ఊపిరితిత్తులు, కిడ్నీలు, రక్తం అన్నీ కొలిచి చూస్తే శరీర వయసు కొందరిలో 28, కొందరిలో 61. అందరూ ఒకే ఏడు పుట్టినవాళ్లే. వార్ధక్యం అరవైలో మొదలయ్యేది కాదు, అందరికీ ఒకే వేగంతో నడిచేదీ కాదు. బాల్యంలో కష్టాలు పడ్డవాళ్లలో అది వేగంగా నడుస్తుందనీ అదే అధ్యయనం చూపించింది. కాబట్టి ఇది ధనవంతుల సరదా అనడం సరికాదు. ముందుగా ముసలివాళ్లయ్యేది పేదవాళ్లు. వేగం తగ్గించే మందంటూ వస్తే ఎక్కువ అవసరం వాళ్లకే.

వైద్యురాలు: ఈ వాదనలో ఇంతవరకూ మీరు చెప్పిన మాటల్లో గట్టిది ఇదే. దాన్నే పట్టుకుని ఒక అడుగు వెనక్కి వెళ్దాం. పేదవాడు ముందుగా ముసలివాడవుతున్నాడంటే, ఆ తొందర ఎక్కడ మొదలైంది? హైదరాబాదు పక్కనే, జాతీయ పోషకాహార సంస్థ 1987 నుంచి 1990 దాకా 29 పల్లెల్లో ఒక పని చేసింది. సగం పల్లెల్లో అంగన్‌వాడీ పథకం అప్పటికే వచ్చింది, మిగతావాటికి ఇంకా రాలేదు. వచ్చిన చోట గర్భిణులకూ, బాలింతలకూ, ఆరేళ్లలోపు పిల్లలకూ రోజూ ఒక పూట వండి పెట్టారు. గొప్ప వంటకమేం కాదు, మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో ఉప్మా. పదిహేనేళ్ల తరవాత సంజయ్ కిన్రా బృందం ఆ పిల్లల్ని వెతికి పట్టుకుంది. కౌమారంలో ఉన్న 1,165 మందిని కొలిచి 2008లో ఫలితాలు ప్రచురించారు. ఉప్మా తిన్న పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగు. ఇన్సులిన్‌కు శరీరం లొంగకపోవడం 20 శాతం తక్కువ. రక్తనాళాల బిరుసుతనం కూడా తక్కువే.

రక్తనాళం బిరుసెక్కడమే కదా, మీ పుస్తకాల్లో వార్ధక్యానికి మొదటి గుర్తుల్లో ఒకటి? దాన్ని పదిహేనేళ్ల వయసులో తగ్గించింది ఏ మట్టిలోని సూక్ష్మజీవీ కాదు. ఒక ఆయమ్మ, ఒక పొయ్యి.

పరిశోధకుడు: ఆ అధ్యయనం మీద గౌరవం ఉంది, అందుకే దాని బలహీనత కూడా చెప్పాలి. పల్లెల్ని చీట్లు తీసి పంచలేదు. పథకం ఎక్కడ ముందొచ్చిందో అవి ఒకవైపు, రానివి మరోవైపు. ముందొచ్చిన పల్లెల్లో ఇంకేవో అనుకూలతలు ఉండి ఉండొచ్చు. ఆ పిల్లలు ఇంకా ముసలివాళ్లూ కాలేదు. కోతుల విషయంలో మీరు పెట్టిన కొలబద్దే ఇక్కడా పెట్టండి.

వైద్యురాలు: పెట్టండి, తప్పులేదు. తేడా ఏమిటంటే, మీ మందు తప్పని తేలితే మనిషికి మిగిలేది నోటిపూత, ఇన్ఫెక్షన్లు, పెరిగిన కొలెస్ట్రాలు. మా ఉప్మా తప్పని తేలితే, ఆకలిగా ఉన్న గర్భిణి అన్నం తిన్నట్టు.

(ఇక్కడ పాఠకుడికి ఒక పక్కమాట. ఈ తగవు మన దేశంలో ఇదే మొదటిసారి కాదు. 1938లో, 76 ఏళ్ల వయసులో, మదన్ మోహన్ మాలవీయ ఒక సాధువు చేత కాయకల్ప చికిత్స చేయించుకున్నారు. చీకటి కుటీరంలో ఉండి, మూలికలు సేవిస్తే యవ్వనం తిరిగొస్తుందన్నది దాని నమ్మకం. పత్రికలు ఆసక్తిగా రాశాయి. ఆయన 1946లో పోయారు. అది లేకపోతే ముందే పోయేవారా, ఉన్నందువల్ల ఎనిమిదేళ్లు ఉన్నారా? ఒక్క మనిషిని చూసి ఎవరూ తేల్చలేరు. ఇవాళ తన మాత్రల జాబితాను వీడియోలో చూపించే అమెరికా కోటీశ్వరుడి విషయంలోనూ తేల్చలేరు.)

పరిశోధకుడు: తప్పని తేలితే నష్టం లేదన్నది నిజమే. కానీ ఉప్మా ఎవరికి? పుట్టబోయేవాళ్లకు. 2011 జనగణన నాటికే అరవై దాటినవాళ్లు పది కోట్లకు పైగా ఉన్నారు, ఇప్పుడు ఇంకా పెరిగారు. వాళ్లను మళ్లీ తల్లి కడుపులోకి పంపలేం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో ఒక్కో స్త్రీకి సగటు సంతానం ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. ఒకప్పుడు ఇద్దరికి మించి కంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడనివ్వని ఆంధ్రప్రదేశ్, 2024 నవంబరులో ఆ నిబంధన ఎత్తేసింది. ముసలివాళ్లు ఎక్కువై, కుర్రవాళ్లు తక్కువవుతారన్న బెంగే కారణం.

ఉద్యోగ విరమణ వయసు చూడండి. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం 58 నుంచి 55కి దించితే ఎంత గొడవైందో పాత ఉద్యోగులకు తెలుసు. 2021లో తెలంగాణ దాన్ని 61 చేసింది, 2022లో ఆంధ్రప్రదేశ్ 62 చేసింది. మనుషులు నిదానంగా ముసలివాళ్లవుతున్నారని ప్రభుత్వాలు నమ్మేసినట్టే ప్రవర్తిస్తున్నాయి. వాళ్ల మోకాళ్లను మాత్రం ఎవరూ అడగలేదు. పిల్లలు తక్కువై, పనిచేసే వయసు పెరిగి, జబ్బుపడే వయసు అక్కడే ఆగిపోతే, మధ్యలో నలిగేది ఎవరు?

వైద్యురాలు: నలిగేది ఇంట్లో ఆడవాళ్లు. అందుకే కదా అంటున్నది. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధుల పింఛను నెలకు నాలుగు వేలు. కేంద్రం తన వాటాగా అరవై నుంచి డెబ్బై తొమ్మిదేళ్లవాళ్లకిచ్చేది రెండు వందలు. రెండు వందలు! 2024లో డెబ్బై దాటినవాళ్లందరికీ ఐదు లక్షల ఆరోగ్య బీమా ఇచ్చారు, మంచిదే, కానీ అది ఆసుపత్రిలో చేరితేనే. రోజూ పక్క తీసి, ఒళ్లు తుడిచే పనికి బీమా లేదు. శుక్లం తీయించుకుంటే చూపు వస్తుంది, చూపు వస్తే కింద పడరు, పడకపోతే తుంటి విరగదు. ఈ గొలుసులో ప్రతి లంకె మనకు తెలుసు. తెలిసినవి చెయ్యకుండా తెలియనివాటి వెంట పడటం ఒక రకంగా తప్పించుకోవడమే.

ఇక డునెడిన్‌లోలా శరీర వయసును కొలిచే మీ వయసు గడియారాలు. అసలు వయసే సరిగా తెలియని చోట వాటినేం చేసుకుంటాం? గోదావరి వరద వచ్చిన ఏడు పుట్టానని చెప్పే పెద్దవాళ్లున్నారు. జనగణనల్లో వయసులన్నీ సున్నా దగ్గరా, ఐదు దగ్గరా గుంపుకడతాయి. ఇది మనకొక్కరికే వచ్చిన ఇబ్బంది కాదు. నూరేళ్లు దాటినట్టు కాగితాల్లో ఉన్న 2.3 లక్షలమంది ఆచూకీ లేదని 2010లో జపాన్‌లో తేలింది. దీర్ఘాయుష్షు ఊళ్లని పేరుపడ్డ చోట్ల నిజంగా ఉన్నది పేదరికం, పుట్టిన తేదీల గందరగోళమేనని సాల్ న్యూమన్ వాదించాడు. ఆ పరిశోధనకు 2024లో ఇగ్‌నోబెల్ ఇచ్చారు. పుస్తకాలు, వంటలు, పర్యటనలు, ఎంత వ్యాపారం జరిగింది ఆ ఊళ్ల పేరుతో!

పరిశోధకుడు: వ్యాపారం సంగతి ఒప్పుకోక తప్పదు. కానీ న్యూమన్ వాదన గడియారాలకు వ్యతిరేకం కాదు, అనుకూలం. కాగితం అబద్ధం చెప్పగలదు. రక్తం అబద్ధం చెప్పడం కష్టం. స్టీవ్ హోర్వాత్ 2013లో డీఎన్‌ఏ మీద 353 చోట్ల రసాయన గుర్తులు చూసి వయసు చెప్పే పద్ధతి తెచ్చాడు. లోపం ఏమిటంటే ఇలాంటివి ఎక్కువగా పాశ్చాత్యుల రక్తంతో తయారయ్యాయి. అందుకే బెంగళూరు ఐఐఎస్‌సీ ‘భారత్’ పేరుతో ఇక్కడివాళ్ల కొలతలు సేకరించడం మొదలుపెట్టింది. తుంటి విరిగాక తెలుసుకోవడం కంటే, ఇరవై ఏళ్ల ముందు తెలియడం మేలు కదా.

వైద్యురాలు: ఇరవై ఏళ్ల ముందు తెలిశాక ఏం చెయ్యమంటారు? తక్కువ తిను, నడువు, సిగరెట్టు మానెయ్. ఇవి చెప్పడానికి 353 గుర్తులు కావాలా? రెండేళ్లు తిండి తగ్గించిన అమెరికన్లలో వార్ధక్య వేగం 2 నుంచి 3 శాతం తగ్గిందని 2023లో ఒక గడియారం చెప్పింది. అదే రక్తంలో మిగతా గడియారాలు ఏ మార్పూ చూపలేదు. ఏ గడియారాన్ని నమ్మాలి?

పరిశోధకుడు: ఇంకా ఏదీ పూర్తిగా కాదు. అది ఒప్పుకుని, మీకు ఇష్టమైన టీకాల దగ్గరికే వద్దాం. వేల్స్‌లో 2013లో చర్మం మీద పొక్కులొచ్చే షింగిల్స్‌కు టీకా మొదలుపెట్టినప్పుడు ఒక తేదీ గీత గీశారు. 1933 సెప్టెంబరు 2న, ఆ తరవాత పుట్టినవాళ్లకు టీకా. ఒక వారం ముందు పుట్టినవాళ్లకు జీవితంలో లేదు. వయసులో కొద్ది రోజులే తేడా, ఎవరూ ఎంచుకోలేదు, అధికారులు చీటీ తీసినట్టే. ఏడేళ్ల తరవాత చూస్తే టీకా వేయించుకున్నవాళ్లలో మతిమరుపు ఐదో వంతు తక్కువని 2025లో ప్రచురించారు. ఒక చర్మవ్యాధి టీకా మెదడును కాపాడింది. ఇది మీ లెక్కలో ప్రజారోగ్యమా, మా లెక్కలో వార్ధక్య వైద్యమా?

వైద్యురాలు: రెండూ. అది ఒప్పుకుంటే వాదన మెత్తబడుతుందని తెలిసే అడిగారు. సరే, గీత మీరనుకున్నంత పలచగానే ఉంది, మా వైపు నుంచి మేము గీసినంత లావుగా లేదు. కానీ ఆ టీకా ఇక్కడ ప్రభుత్వ కార్యక్రమంలో లేదు, కొనుక్కోవాలంటే ఖరీదు. అందుబాటు అన్నది పరిశోధన అయ్యాక ఆలోచించే విషయం కాదు. మందు పనిచేస్తుందా అన్నంత ముందే అడగాలి.

పరిశోధకుడు: ముందే అడిగితే ఏ మందూ పుట్టదు. 

వైద్యురాలు: మీ వాళ్లలోనే ఇద్దరు, ఒల్షాన్‌స్కీ, స్టీవెన్ ఆస్టాడ్, 2000లో తలా 150 డాలర్లు పందెం కాశారు. అప్పటికే పుట్టిన మనిషి ఎవరైనా 2150 నాటికి 150 ఏళ్లు బతుకుతాడని ఆస్టాడ్, బతకడని ఒల్షాన్‌స్కీ. ఇప్పటిదాకా నమ్మకమైన కాగితాలతో ఎక్కువ బతికింది ఫ్రాన్స్‌లోని జాన్ కాల్మాన్, 122 ఏళ్లు. ఆ పందెం డబ్బు ఎవరి మనవలకొస్తుందో తెలియదు. ఈలోపు చేతిలో ఉన్న డబ్బు దేనికి పెట్టాలన్నదే మన తగవు.

పరిశోధకుడు: 150 సంగతి వదిలెయ్యండి, పనికొచ్చే వాదన కాదు. డబ్బు గురించే అడగండి. తెలుగు రాష్ట్రాల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో 65 దాటిన, షుగరు లేని కొన్ని వేలమందిని తీసుకుందాం. బీపీ మందులు, కంటి పరీక్ష, బరువులెత్తే వ్యాయామం అందరికీ. సగంమందికి ఆ పైన మెట్‌ఫార్మిన్, సగంమందికి ఉత్త మాత్ర. మీరు కోరేది అందరికీ అందుతుంది, మేము కోరేది తేలుతుంది. మాత్ర వ్యాయామాన్ని చెడగొడుతుందో లేదో కూడా అక్కడే తెలుస్తుంది.

వైద్యురాలు: అందులో చేరే మనిషికి మేలే. ఒక షరతు. పరీక్ష అయిపోయిన మర్నాడు ఫిజియోథెరపిస్టు, కళ్ల డాక్టరు, బీపీ మాత్ర వెళ్లిపోకూడదు. పరీక్ష ఉన్నన్నాళ్లే బాగుండే ఆసుపత్రులను చాలా చూశాం.

పరిశోధకుడు: ఆ షరతు పరిశోధన బడ్జెట్‌లో పట్టదు, అది ప్రభుత్వం పని. మరి ఫలితం దేన్ని బట్టి? ఆస్పిరిన్ పరీక్షలోలా, మతిమరుపు, అవిటితనం లేని కాలం?

వైద్యురాలు: అవిటితనం ఎలా కొలుస్తారు? స్నానం చేయగలరా, బట్ట కట్టుకోగలరా అని అడుగుతారు. పల్లెలో ఏ ముసలావిడైనా చేసుకోగలను అనే చెబుతుంది, కోడలు నీళ్లు తోడి పెట్టినా సరే. కొలవాల్సింది ఆ కోడలి గంటలు. రోజుకు ఎన్ని గంటలు ఒకరి కోసం పోతున్నాయో ఇంటింటికీ వెళ్లి రాయించండి. మీ మాత్ర ఆ గంటలు తగ్గిస్తే మాటకు కట్టుబడి ఉంటాం.

పరిశోధకుడు: గంటలు జ్ఞాపకం నుంచి రాయిస్తే తప్పులు దొర్లుతాయి. ఏ పత్రికా ఆ కొలతను ఒప్పుకోదు, ఏ నియంత్రణ సంస్థా దాని మీద మందుకు అనుమతివ్వదు. నడక వేగం, పిడికిలి పట్టు గట్టి కొలతలు.

వైద్యురాలు: పిడికిలి పట్టు పెరిగి, కోడలి గంటలు తగ్గకపోతే?

పరిశోధకుడు: అప్పుడు మందు పనిచేసిందనీ, ఇల్లు మారలేదనీ రాస్తాం.

వైద్యురాలు: ఆ వాక్యంలో రెండో సగం రాయడానికి మీ పరీక్షలో డబ్బు ఎంత పెడతారో చెప్పండి, సంతకం గురించి తరవాత మాట్లాడదాం.